స్టెరాయిడ్ మాత్ర ఒక్కసారిగా ఆపకండి, వార్డులో ఆ డోసు తప్పనివ్వకండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్లో ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతా, నైట్ డ్యూటీ దిగి బస్సెక్కాక ఫోన్లో ముందు తీసేది అదే. మొన్న స్టెరాయిడ్ల మీద వేసిన వ్యాసం కూడా చదివా. మోకాళ్ళ నొప్పులకి, ఆయాసానికి ఊళ్ళల్లో ఇచ్చే పొట్లం మందుల్లో స్టెరాయిడ్ ఉంటుందని, దానివల్ల షుగర్ వస్తుందని, ఎముకలు గుల్లబారతాయని, మొహం ఉబ్బుతుందని రాశారు, అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. కానీ చివర్లో ఇలాంటివి వాడుతుంటే వెంటనే మానేయమని ఒక లైన్ వేశారు చూడండి, అది చదివాక నాకు భయమేసింది. నెలల తరబడి స్టెరాయిడ్ మింగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదకొస్తుందండీ. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా వేయండి.

నేను స్టాఫ్ నర్సుని, క్యాజువాల్టీలోనూ మెడికల్ వార్డులోనూ చాలా ఏళ్ళు చేశా. కిడ్నీల పైన చిన్నగా రెండు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి, కార్టిసాల్ అనే హార్మోన్ తయారయ్యేది అక్కడే. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా, ఆపరేషన్ అయినా బీపీ పడిపోకుండా, షుగర్ దిగిపోకుండా మనిషిని నిలబెట్టేది ఆ కార్టిసాలే. ఆల్డోస్టిరాన్ అని ఇంకోటి కూడా అక్కడే తయారవుతుంది, అది ఒంట్లో ఉప్పుని పోనివ్వకుండా పట్టి ఉంచి పొటాషియాన్ని బయటికి పంపుతుంది. బయటినుంచి రోజూ ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ మందు పడుతుంటే మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి అడ్రినల్‌కి కబురు పంపడం మానేస్తుంది, అది కూడా పని మానేసి కుంచించుకుపోతుంది. ఏళ్ళ తరబడి కాలువ నీళ్ళొస్తుంటే ఇంటి బావిని ఎవరూ చూడరు, పూడిపోతుంది, ఒకరోజు కాలువ కట్టేశాక చేద పట్టుకుని పోతే బావిలో చుక్కుండదు, ఇదీ అంతే. పెద్దవాళ్ళు ప్రెడ్నిసలోన్ రోజుకి 5 మి.గ్రా. గానీ అంతకన్నా ఎక్కువ గానీ 4 వారాలు దాటి వాడితే ఈ ప్రమాదం ఉన్నట్టే అనుకోవాలి. మానాలంటే డాక్టర్ చెప్పిన లెక్కన కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి, గ్రంథి మళ్ళీ మేలుకోడానికి కొంతమందికి నెలలు పడుతుంది, ఏడాది దాటినా దాటొచ్చు.

ఒకావిడ నాకు బాగా గుర్తుంది. మిరప కోతలకి పోయే మనిషి, కీళ్ళనొప్పులకి ఊళ్ళో ఇచ్చిన చిన్న తెల్లమాత్రలు ఏడాది పైనే వేసుకుంది. నొప్పులు పోయినాయి, ఆకలి పుట్టింది, బుగ్గలొచ్చినాయి, ఒళ్ళు చేసిందని ఇంట్లో అందరూ సంతోషపడ్డారు కూడా. ఎవరో చుట్టాలబ్బాయి ఫోన్లో వీడియో చూపించి అత్తా ఇవి స్టెరాయిడ్లు, వాడితే చచ్చిపోతావ్ అంటే హడలిపోయి ఉన్నవన్నీ తీసి పెంటలో పారేసింది. వారం తిరక్కుండానే మంచం దిగలేని నీరసం, వాంతులు, కడుపునొప్పి. వడదెబ్బ అన్నారు, గ్యాస్ అన్నారు, ఊళ్ళోనే సెలైన్లు ఎక్కించారు, మా దగ్గరికి తెచ్చేటప్పటికి పై బీపీ 70, షుగర్ 52, మాట ముద్దగా వస్తోంది. అప్పుడు డ్యూటీలో ఉన్న మా సీనియర్ సిస్టర్ ఆమె గుండ్రటి మొహం, చేతుల మీద పల్చబడి కమిలిన చర్మం చూసి వాళ్ళాయన్ని పక్కకి పిలిచారు. పెద్దాయనా, ఈ మధ్య ఏమన్నా మాత్రలు వాడి మానేసిందా అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో దారి దొరికింది. డ్యూటీ డాక్టర్ గారు ఎఫ్కార్లిన్ 100 పెట్టమన్నారు, ఒక చేతికి నార్మల్ సెలైన్ ఫాస్ట్‌గా వదిలి షుగర్ కోసం 25 పర్సెంట్ డెక్స్ట్రోజ్ ఇచ్చాం. సాయంత్రానికి ఆవిడ లేచి కూర్చుని కాస్త టీ ఇప్పించమ్మా అంది.

ఎఫ్కార్లిన్ అంటే హైడ్రోకార్టిసోన్ ఇంజక్షనేనండి, ఒంట్లో కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్. ఆయాసంతో వచ్చినవాళ్ళకి, ఒళ్ళంతా దద్దుర్లతో వచ్చినవాళ్ళకి క్యాజువాల్టీలో మేం తరచూ పెట్టేదే, ఎమర్జెన్సీ ట్రేలో ఎలర్జీకి ఇచ్చే ఆవిల్ పక్కనే ఉంటుంది. అంటే ఈ రోగులకి మందు దొరక్క కాదు, ఇది అడ్రినల్ కేసు అని ఎవరికీ తట్టక ఆలస్యం అవుతోంది. వాంతులు, కడుపునొప్పి, బీపీ డౌన్, మగత, ఒక్కోసారి జ్వరం, ఇవి చూడగానే మనకి ఫుడ్ పాయిజనో వడదెబ్బో గుర్తొస్తాయి. సెలైన్ పెట్టినా బీపీ లేవకపోతే ఇది కూడా గుర్తు రావాలి. ఇంకో ఆధారం షుగర్ పేషెంట్లలో దొరుకుతుంది, అదే ఇన్సులిన్ అదే తిండి అయినా ఉన్నట్టుండి మాటిమాటికీ షుగర్ పడిపోతుంటే ఇన్సులిన్ తగ్గించి ఊరుకోకుండా కార్టిసాల్ టెస్ట్ చేయించమని డాక్టర్‌కి చెప్పాలి.

అడ్రినల్ క్రైసిస్, అంటే కార్టిసాల్ చాలక ప్రాణం మీదకొచ్చిన పరిస్థితి, అనుకున్నాక చేయాల్సింది పెద్ద కష్టమైనదేం కాదు. పెద్దవాళ్ళకి హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. వెంటనే నరానికి, నరం దొరక్కపోతే దాని కోసం పది చోట్ల పొడుస్తూ కూర్చోకుండా తొడ కండకి ఇచ్చేయడమే, చిన్నపిల్లలకి వయసుని బట్టి 25 లేదా 50. మొదటి గంటలో నార్మల్ సెలైన్ దాదాపు లీటరు పోవాలి, ముసలివాళ్ళకీ గుండె కిడ్నీ జబ్బులున్నవాళ్ళకీ మాత్రం డాక్టర్ చెప్పిన స్పీడులోనే. ఆ తర్వాత 24 గంటల్లో 200 మి.గ్రా. డ్రిప్పుగా గానీ 6 గంటలకోసారి 50 చొప్పున గానీ. క్యానులా పెట్టేటప్పుడే కార్టిసాల్‌కి, సోడియం పొటాషియంకి రక్తం తీసి పెట్టుకోవచ్చు, రిపోర్ట్ వచ్చేదాకా ఇంజక్షన్ ఆపకూడదు. తీరా అడ్రినల్ జబ్బు కాదని తేలినా ఆ ఒక్క డోసుతో మునిగిపోయేది ఏమీ ఉండదు, అదే జబ్బయి ఉండి ఆగితే మనిషి పోతాడు.

సెలైన్ విషయంలో మా జూనియర్ పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటుంది. వీళ్ళకి సోడియం అప్పటికే తక్కువుంటుంది, అలాంటప్పుడు ఉత్త 5 పర్సెంట్ డెక్స్ట్రోజ్ ఎక్కిస్తే ఇంకా పడిపోతుంది, షుగర్ కోసం డెక్స్ట్రోజ్ కావాలంటే నార్మల్ సెలైన్‌తో పాటు ఇవ్వాలి. అడ్రినల్ గ్రంథే పాడైనవాళ్ళకి పొటాషియం ఎక్కువుంటుంది కాబట్టి వాంతులవుతున్నాయి కదా అని అలవాటుగా సెలైన్లో పొటాషియం ఆంపుల్ కలపకూడదు, చుట్టాలు ప్రేమగా తెచ్చే కొబ్బరి బోండాలు కూడా ఆ ఒకటి రెండు రోజులు వద్దనాలి, కొబ్బరినీళ్ళల్లో పొటాషియం బాగా ఎక్కువ. ఇంకొకటి, ఇంజక్షన్ పడి కార్టిసాల్ అందాక కొంతమందికి ఒక్కసారిగా యూరిన్ ఎక్కువ పోయి సోడియం మరీ వేగంగా పెరిగిపోతుంది, అలా పెరిగితే మెదడుకి దెబ్బ. కాబట్టి బ్యాగ్‌లో యూరిన్ ఎక్కువొస్తోందంటే కిడ్నీలు బాగా పనిచేస్తున్నాయిలే అని సంతోషపడి వదిలేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పాలి. ఇంటేక్ ఔట్‌పుట్ చార్ట్ నింపేది ఇలాంటి వాటికోసమేనండి, అంకెలు రాసి సంతకం పెట్టడానికి కాదు.

అసలు నేను ఎక్కువ చెప్పాలనుకుంది వార్డు గురించి. క్రైసిస్‌లో వచ్చిన పేషెంట్ చుట్టూ అందరం మూగుతాం, కానీ కాలు విరిగి ఆర్థోలోనో, హెర్నియాకి సర్జికల్‌లోనో చేరిన అడ్రినల్ పేషెంట్ మాత్రం ఎవరి కంటా పడడు. రేపు ఆపరేషన్, రాత్రి నుంచి నోట్లో ఏం వేయొద్దు అంటాం, ఆయన రోజూ వేసుకునే మాత్ర కూడా ఆగిపోతుంది. పొద్దున ఎనిమిదింటికి పిలుస్తారనుకున్న కేసు మధ్యాహ్నం రెండింటికి జరుగుతుంది, ఈలోపు మనిషి వాడిపోతాడు, టెన్షన్లే అనుకుంటారు. నోటి మాత్ర ఆగిందంటే దాని బదులు ఇంజక్షన్ ఆర్డర్ రాయించుకోవాలి, మత్తిచ్చేటప్పుడు 100 మి.గ్రా. పడాలి, ఆ తర్వాత కూడా ఎక్కువ డోసు నడవాలి. కాన్పు నొప్పులు మొదలైన అడ్రినల్ పేషెంట్‌కి కూడా ఇదే. పెద్దపేగు టెస్టు కోసం విరోచనాల మందు తాగించే రోజు కూడా ఇదే ప్రమాదం, అది చాలామందికి గుర్తుండదు. అమెరికా ప్రెసిడెంట్ అయిన కెనడీకి ఈ జబ్బుండేది, 1954లో ఆయనకి వెన్నెముక ఆపరేషన్ స్టెరాయిడ్ ఇస్తూనే చేశారు, అప్పటికే డాక్టర్లకి తెలిసిన సంగతి ఇది. ఇవాళ మన జిల్లా ఆస్పత్రుల కేస్ షీట్లో ఆ ఇంజక్షన్ ఆర్డర్ రాయించడానికి మొహమాటం దేనికి.

మాత్రల టైము గురించి కూడా చెప్పాలి. హైడ్రోకార్టిసోన్ మాత్రలు పెద్దవాళ్ళకి రోజుకి 15 నుంచి 25 మి.గ్రా. దాకా ఉంటాయి, రెండు మూడు సార్లుగా వేసుకుంటారు, అందులో పెద్ద డోసు నిద్ర లేవగానే పడాలి. ఇంట్లో తెల్లారి ఆరింటికి వేసుకునే మనిషికి వార్డులో తొమ్మిదింటి రౌండ్లో బీపీ మాత్రలతో కలిపి ఇస్తే ఆ మూడు గంటలు ఆయన తల ఎత్తలేడు. తెలివిగా ఉండి తన మాత్రలు తను వేసుకోగలిగే పేషెంట్ అయితే డాక్టర్‌ని అడిగి ఆ మాత్రలు ఆయన దగ్గరే ఉండనిస్తే మంచిది. అడిగి అడిగి విసుగొచ్చి గొంతు పెంచాడనుకోండి, ఈయనకి తిక్క అని డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో చెప్పుకుంటారు, నాకు అది వింటే చాలా బాధేస్తుంది, తన జబ్బు గురించి అక్కడున్న అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆయనే. మాత్ర వేసుకున్న అరగంటలోపు వాంతి చేసుకుంటే మళ్ళీ వేయాలి, అది కూడా కక్కేస్తే ఇంజక్షనే. మంచం మీంచి లేపేటప్పుడు ముందు కూర్చోబెట్టి, కాసేపాగి నిలబెట్టి బీపీ చూసుకోవాలి, పడుకుని చూస్తే బాగానే ఉన్న బీపీ నిలబడగానే పడిపోయి బాత్రూమ్ దగ్గర కూలిపోతారు.

ఈ జబ్బు స్టెరాయిడ్లు వాడినవాళ్ళకే అనుకోకండి. లండన్లో థామస్ అడిసన్ అనే డాక్టర్ 1855లో దీని గురించి రాసినప్పుడు ఎక్కువ కేసులు టీబీ వల్లే, మన దేశంలో ఇప్పటికీ టీబీ ఒక కారణం. వాళ్ళకి చిగుళ్ళు, అరచేతి గీతలు, వేళ్ళ కణుపులు, పాత మచ్చలు నల్లబడతాయి, ఎండలో తిరిగి నల్లబడ్డాడులే అని సరిపెట్టుకుంటాం. ఉప్పు మీదకి మనసు పోతుంది, ఊరగాయ ఉత్తదే నాకేస్తుంటారు, అంత ఉప్పేంటని ఇంట్లో తిడతారు, ఒళ్ళు అడుగుతోందని వాళ్ళకి తెలీదు. ఇక్కడే ఇంకో మెలిక ఉంది, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఒంట్లో ఉన్న కార్టిసాల్‌ని తొందరగా ఖర్చు చేసేస్తుంది, అసలే బొటాబొటీగా నడుస్తున్న మనిషి టీబీ మందులు మొదలెట్టాక కుప్పకూలొచ్చు. టీబీ మందులు పడట్లేదు, వాంతులు అని వచ్చిన ప్రతివాళ్ళకీ ఇది కాదు, కానీ బీపీ కూడా పడుతుంటే ఆలోచించాలి. అలాగే థైరాయిడ్, కార్టిసాల్ రెండూ తక్కువున్నవాళ్ళకి ముందు స్టెరాయిడ్ మొదలెట్టాకే థైరాయిడ్ మాత్ర ఇస్తారు, తిరగేసి ఇస్తే క్రైసిస్ రావొచ్చు.

కాన్పులో రక్తం బాగా పోయిన ఆడవాళ్ళలో పిట్యూటరీ దెబ్బతిని వచ్చేది ఇంకా అన్యాయం. పాలు పడవు, నెలసరి మళ్ళీ రాదు, ఏళ్ళ తరబడి నీరసం, చలి. అత్తగారింట్లో ఒళ్ళు వంచదు అంటారు, పుట్టింట్లో రక్తం తక్కువ అంటారు, ఏ విరోచనాలో పట్టుకున్నప్పుడు ఒక్కరోజులో పడిపోతుంది. ఏఎన్ఎం అక్కలు, ఆశా అక్కలు ఇంటింటికీ వెళ్ళినప్పుడు కాన్పులో రక్తం ఎక్కించారా, పాలు పడ్డాయా అని అడిగితే సగం పని అయిపోతుంది. రక్తపింజర కాటు పడి కిడ్నీలు దెబ్బతిని బయటపడ్డ రైతుల్లో కూడా కొందరికి పిట్యూటరీ పాడవుతుంది, నెలలకో ఏళ్ళకో బయటపడుతుంది, పాము కరిచిన కాడ్నుంచి మనిషి మనిషిగా లేడు అని ఇంట్లోవాళ్ళు అంటే ఆ మాట కొట్టేయకండి. మేనరికాలున్న కుటుంబాల్లో పుట్టుకతోనే అడ్రినల్ సరిగా పనిచేయని పిల్లలు పుట్టొచ్చు, రెండో వారంలోనో మూడో వారంలోనో పాలు తాగక, కక్కుతూ, బరువు తగ్గిపోతూ వస్తారు. ఇంతకుముందు బిడ్డ కూడా ఇలాగే పోయిందా అని అడగడం పీడియాట్రిక్ నర్సు మర్చిపోకూడని ప్రశ్న.

ఇక ఇంటికి పంపేటప్పుడు. డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టి మాత్రలు వేసుకోమ్మా అంటే చాలదు. జ్వరమొస్తే డాక్టర్ చెప్పిపెట్టినట్టు డోసు రెండింతలో మూడింతలో చేయాలి, తగ్గాక రెండు మూడు రోజుల్లో మామూలుకి రావాలి, వాంతులతో మాత్ర నిలవకపోతే ఇంజక్షన్ పెట్టించుకుని ఆస్పత్రికి రావాలి, ఏ పరిస్థితిలోనూ పూర్తిగా మానకూడదు. ఇది చెప్పి వదిలేయకుండా అమ్మా, రేపు నీకు జ్వరమొస్తే ఏం చేస్తావ్ చెప్పు అని వాళ్ళ నోటితోనే చెప్పించుకోవాలి. ఇంట్లో ఒకరికి వయల్ కలపడం, తొడకి బయటివైపు గుచ్చడం నేర్పించాలి, ఇన్సులిన్ పెట్టుకుంటున్న ఇళ్ళల్లో ఇది ఈజీగా వస్తుంది. ఏకాదశి, శివరాత్రి, కార్తీక సోమవారాలు, రంజాన్, ఏ ఉపవాసమైనా ముందు డాక్టర్‌ని అడగాలి, మాత్ర మాత్రం ఆపకూడదు. మే నెలలో ఎండలో పనికి పోయేవాళ్ళకి చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి మజ్జిగలో ఉప్పేసుకుని తాగమని, అడ్రినల్ గ్రంథే పాడైనవాళ్ళయితే ఆల్డోస్టిరాన్ బదులు వేసుకునే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర డోసు ఎండాకాలానికి మార్చాలేమో డాక్టర్‌ని కనుక్కోమని చెప్పాలి. ఆ మాత్రలు చిన్న ఊళ్ళ మెడికల్ షాపుల్లో అన్నిసార్లూ దొరకవు, ఒక నెలకి సరిపడా ఎప్పుడూ ఎక్కువ పెట్టుకోవాలి.

ఇంగ్లండ్‌లో 2020 నుంచి ఇలాంటి పేషెంట్లకి స్టెరాయిడ్ ఎమర్జెన్సీ కార్డ్ అని ఒకటి ఇస్తున్నారు, జేబులో పెట్టుకుంటారు, స్పృహ లేకపోయినా కార్డు చూసి అంబులెన్స్‌వాళ్ళు ఇంజక్షన్ ఇస్తారు. అది మనం చేసుకోడానికి కోట్లు ఏమీ అక్కర్లేదు, ప్రింట్ వేయించిన చిన్న అట్టముక్క చాలు, ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు. విలేజ్ క్లినిక్కుల్లో, పల్లె దవాఖానాల్లో ఉన్న మన నర్సు చెల్లెళ్ళు తమ ఊళ్ళో దీర్ఘకాలంగా స్టెరాయిడ్ వాడేవాళ్ళ లిస్టు రాసుకుని వాళ్ళకి ఈ కార్డులివ్వొచ్చు, 108లో వచ్చే టెక్నీషియన్లకి ఈ కార్డు గురించి చెప్పి హైడ్రోకార్టిసోన్ వయల్ వాళ్ళ కిట్‌లో తప్పనిసరిగా ఉండేలా ఆరోగ్య శాఖ చూడాలి. హ్యాండోవర్ పుస్తకంలో ఎలర్జీలకి ఉన్నట్టే స్టెరాయిడ్ పేషెంట్ అని ఎర్ర ఇంకుతో ఒక గడి ఉండాలని మా నర్సింగ్ సూపరింటెండెంట్లని కోరుతున్నా.

మీకు నా విన్నపం ఒకటే ఎడిటర్ గారూ. ఆ వ్యాసం వేసిన పేజీలోనే ఈ కింద మాటలు డబ్బా కట్టి వేయండి, జనం కత్తిరించుకుని పర్సులో పెట్టుకుంటారు:

"నాకు అడ్రినల్ గ్రంథుల జబ్బు ఉంది. స్టెరాయిడ్ మందు మీద బతుకుతున్నాను, ఆపకూడదు. వాంతులు, తీవ్రమైన నీరసం, పెద్ద దెబ్బ తగలడం, స్పృహ తప్పడం జరిగితే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజక్షన్ వెంటనే ఇవ్వండి, నార్మల్ సెలైన్ పెట్టండి, టెస్టుల కోసం ఆగకండి."

కింద పేరు, వాడే మందు, డోసు, చూసే డాక్టర్ ఫోన్ నంబర్ రాసుకోడానికి నాలుగు గీతలు ఖాళీ వదిలితే చాలు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
పల్నాడు జిల్లా